ఓడించినవాళ్లకు బిరుదు, గెలిచినవాడికి ఎదురుచూపు: షత్రంజ్ యోధుడు మీర్ సుల్తాన్ ఖాన్

నర్సీపట్నం: చదరంగంలో నల్ల పావులతో ఆడేవాళ్లకు ‘ఇండియన్ డిఫెన్స్’ అంటే ఓ పెద్ద ధైర్యం. ఒకప్పుడు ఓ హిందుస్తానీ ఎదుటే ఆ డిఫెన్స్ ఆడి ప్రపంచ మాజీ చాంపియన్ ఓడిపోయారు. ఓడింది క్యూబాకు చెందిన కాపబ్లాంకా, ఓడించింది మీర్ సుల్తాన్ ఖాన్. ఇంగ్లండ్‌లోని హేస్టింగ్స్‌లో 1930-31 టోర్నీలో, 65 ఎత్తుల్లో ముగిసిన ఆట అది.

సుల్తాన్ ఖాన్‌ది పంజాబ్‌లోని మిఠా టివానా. ఇప్పుడది పాకిస్తాన్‌లో ఉంది. చిన్నప్పుడే వాలిద్ దగ్గర దేశీ షత్రంజ్ నేర్చుకున్నారు. అందులో బంటు మొదటి ఎత్తులో కూడా ఒక్క గడే కదులుతుంది. జమీందారు సర్ ఉమర్ హయాత్ ఖాన్ ఆయన ప్రతిభ చూసి చేరదీశారు, విలాయతీ రూల్స్ నేర్పించారు. 1928లో అఖిల భారత చాంపియన్ అయ్యారు. 1929 ఏప్రిల్‌లో లండన్‌లో దిగి, కొన్ని నెలల్లోనే బ్రిటిష్ చాంపియన్‌షిప్ కొట్టేశారు. 1932, 1933లో మళ్లీ ఆయనే. 1933లో మహిళల టైటిల్ కూడా అదే జమీందారు ఇంటి నుంచి వెళ్లిన ఫాతిమాకే దక్కింది.

అక్కడి చలి ఆయనకు పడలేదు. మలేరియా, గొంతునొప్పి వదల్లేదు. మెడకు గుడ్డ చుట్టుకునే ఆటకు వచ్చేవారు. అయినా 1931 ప్రాగ్ ఒలింపియాడ్‌లో బ్రిటన్ మొదటి బోర్డు మీద కూర్చుని రూబిన్‌స్టీన్, ఫ్లోర్‌లను ఓడించారు. అదే ఏడాది టార్టకోవర్ మీద మ్యాచ్ గెలిచారు.

1933 చివర్లో జమీందారు తిరుగు ప్రయాణం కట్టారు, ఆయన వెంటే సుల్తాన్ ఖాన్ కూడా వచ్చేశారు. యూరప్ టోర్నీలు అంతటితో సరి. సొంత డబ్బుతో వెళ్లే స్తోమత లేదు మరి. ఊళ్లో సేద్యం చూసుకుంటూ బతికారు. పిల్లలకు ఆట నేర్పకుండా, అంతకన్నా పనికొచ్చేది ఏదైనా చేసుకోమన్నారని చెబుతారు.

1950లో అంతర్జాతీయ చెస్ సమాఖ్య ఫిడే తొలిసారి గ్రాండ్‌మాస్టర్ బిరుదులు ఇచ్చింది. రూబిన్‌స్టీన్, టార్టకోవర్, ఫ్లోర్ ముగ్గురికీ వచ్చింది. వాళ్లను ఓడించిన సుల్తాన్ ఖాన్‌కు మాత్రం రాలేదు. 1966 ఏప్రిల్ 25న సర్గోధాలో క్షయతో ఇంతెఖాల్ అయ్యారు.

చివరికి 2024లో ఫిడే ఆయనకు గౌరవ గ్రాండ్‌మాస్టర్ హోదా ప్రకటించింది. అప్పటికి ఆయన పోయి 58 ఏళ్లు. ఇవాళ మన తెలుగు పిల్లలు గ్రాండ్‌మాస్టర్లు అవుతుంటే స్పాన్సర్లున్నారు, కోచ్‌లున్నారు. సుల్తాన్ ఖాన్‌కు ఉన్నది ఒక్క జమీందారు నీడ. ఆ నీడ కదలగానే ఆట కూడా ఆగిపోయింది.