మళ్ళీ చిగిర్చిన కలం - మీర్జా గాలిబ్

ఉర్దూ చదవడం రాని ఇళ్ళలో కూడా మీర్జా గాలిబ్ పేరు తెలుసు. ముషాయిరాల్లో, సినిమా పాటల్లో, పెద్దల మాటల్లో ఆయన షేర్లు వినబడుతూనే ఉంటాయి. దాశరథి కృష్ణమాచార్యగారు 'గాలిబ్ గీతాలు' పేరుతో ఆయన కవిత్వాన్ని తెలుగువారికి కూడా అందించారు. అయితే గాలిబ్ అంటే గజల్ అనే మనలో చాలామంది అనుకుంటాం. అరవయ్యో ఏట కవిత్వం తనను విడిచిపోయిన రోజుల్లో ఆయన కలం మరో దారిన ఎలా ప్రాణం పోసుకుందో తెలిసినవారు తక్కువ. ఆ సంగతి చెప్పాలనే ఈ నాలుగు మాటలు.

మీర్జా అసదుల్లా ఖాన్ 1797 డిసెంబరు 27న ఆగ్రాలో పుట్టారు. ఊహ తెలియకముందే తండ్రి అబ్దుల్లా బేగ్ ఖాన్ యుద్ధంలో చనిపోయారు. చేరదీసిన చిన్నాన్న నస్రుల్లా బేగ్ ఖాన్ కూడా 1806లో కాలం చేశారు. పదమూడేళ్ళకే ఉమ్రావ్ బేగంతో నికాహ్ అయింది. ఆ తర్వాత కాపురం ఢిల్లీకి మారింది. ఏడుగురు పిల్లలు పుట్టారు, ఒక్కరూ దక్కలేదు. కన్నకొడుకులా చూసుకున్న భార్య అక్కచెల్లెళ్ళ బిడ్డ ఆరిఫ్ కూడా 1852లో చిన్న వయసులోనే పోయాడు. ఆరిఫ్ పిల్లలిద్దరినీ గాలిబ్ దంపతులే పెంచారు.

సంసారం ఎప్పుడూ అప్పుల మీదే నడిచింది. చిన్నాన్న తరఫున ఇంగ్లీషు సర్కారు నుంచి ఆయనకు వచ్చే పింఛను ఏడాదికి 750 రూపాయలు. న్యాయంగా తనకు రావలసింది ఇంకా ఎక్కువని వాదించడానికి 1828లో కలకత్తా దాకా వెళ్ళారు. ఏళ్ళ తరబడి తిరిగినా ఫలితం లేకపోయింది. మద్యం అలవాటు ఉండేది, జూదం కేసులో 1847లో జైలుకు కూడా వెళ్ళారు. ఈ లోపాలను ఆయనే దాచుకోలేదు, మనం దాచనక్కరలేదు. మనం నేర్చుకోవలసింది వేరే ఉంది.

పాతికేళ్ళు నిండేలోపే ఆయన తన ఉర్దూ గజళ్ళలో చాలాభాగం వ్రాసేశారు. ఆ పైన దాదాపు ముప్పై ఏళ్ళు ఎక్కువగా ఫార్సీలోనే వ్రాశారు. తన పేరు నిలిచేది ఫార్సీ వల్లేనని ఆయన గట్టి నమ్మకం. ఉర్దూ దీవాన్ 1841లో అచ్చయింది. 1850లో బహదూర్ షా జఫర్ దర్బారులో కొలువు దొరికాక మళ్ళీ ఉర్దూ గజల్ వైపు మళ్ళారు. 1854లో జౌఖ్ మరణించిన తర్వాత బాదుషాకే ఉస్తాద్ అయ్యారు. ఇక కష్టాలు గట్టెక్కినట్టేనని అనుకునేలోపే 1857 వచ్చిపడింది.

ఆ ఏడాది సెప్టెంబరులో ఇంగ్లీషు సైన్యం ఢిల్లీని తిరిగి పట్టుకుంది. ముస్లిములను ఊరి నుంచి వెళ్ళగొట్టారు. గాలిబ్ ఉన్న బల్లీమారాన్ వీధిలో పటియాలా మహారాజు కొలువులోని హకీముల ఇళ్ళు ఉండేవి. మహారాజు పెట్టించిన కాపలా వల్ల ఆ వీధివారు బతికిపోయారు. మతి చలించిన తమ్ముడు మీర్జా యూసుఫ్ వేరే ఇంట్లో ఉండి అక్టోబరులో చనిపోయాడు. కఫన్‌కు కొత్త గుడ్డ కొనే వీలు లేదు. ఇంట్లో ఉన్న దుప్పట్లు చుట్టి, పక్కనున్న మసీదు ఆవరణలో దఫన్ చేశారు. పండితుడు ఇమామ్ బఖ్ష్ సహ్‌బాయీని కాల్చి చంపారు. మిత్రుడు ఫజ్లే హఖ్ ఖైరాబాదీని అండమాన్ పంపారు, ఆయన 1861లో అక్కడే కన్నుమూశారు. కొలువు పోయింది, పింఛను ఆగిపోయింది, కవిత్వం వినేవారే లేకుండా పోయారు.

ఇంకో దెబ్బ కూడా తగిలింది. గాలిబ్ తన కవితలను తాను దాచుకునేవారు కారు. మిత్రులు కొందరు వాటిని సేకరించి జాగ్రత్త చేసేవారు. ఆ గల్లంతులో వారి గ్రంథాలయాలు లూటీ అయ్యాయి. ఒకరోజు మంచి గొంతు ఉన్న ఒక ఫకీరు ఎక్కడో గాలిబ్ గజల్ ఒకటి వ్రాయించుకుని వచ్చి, ఆ కాగితం ఆయనకే చూపించాడు. తన కవిత తనకు ఫకీరు చేతిలో కనబడేసరికి ఆ పెద్దాయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

ఇక గజల్ సాగలేదు. అప్పుడప్పుడు అవసరానికి నాలుగు షేర్లు చెప్పేవారేగాని వెనకటి ఊపు రాలేదు. శిష్యుల కవితలను మాత్రం టపాలో తెప్పించుకుని దిద్ది పంపేవారు. ఆ టపాయే ఆయనను నిలబెట్టింది.

ఆ రోజుల్లో చదువుకున్నవారు ఉత్తరం వ్రాస్తే ఫార్సీలోనే వ్రాయాలి. ముందు బారెడు అల్ఖాబ్, ఆదాబ్, ఆపైన అలంకారాలు, అన్నీ అయ్యాకగాని సంగతి రాదు. 1850 ప్రాంతంలో బాదుషా మొగలు వంశ చరిత్రను ఫార్సీలో వ్రాసే పని గాలిబ్‌కు అప్పగించారు. అలాంటి ఉత్తరాలకు ఇక తీరిక చిక్కక ఆయన మామూలు ఉర్దూలో వ్రాయడం మొదలుపెట్టారు. తీరిక లేక పట్టుకున్న ఈ పద్ధతే 1857 తర్వాత ఆయనకు ఊపిరి అయింది.

సికందరాబాదులో (మనది కాదు, ఢిల్లీ దగ్గరిది) ఉండే మున్షీ హర్‌గోపాల్ తఫ్తా, పానిపట్‌కు చేరిన మీర్ మెహదీ మజ్రూహ్, లోహారూలోని అలాయీ - ఇలా ఎందరికో వ్రాసేవారు. బిరుదుల వరుసలు తీసేసి, ఎదురుగా కూర్చున్న మనిషితో మాట్లాడినట్టే మొదలుపెట్టేవారు. ఒక్కోసారి ఇద్దరు మాట్లాడుకుంటున్నట్టు వ్రాసేవారు. వానకు ఇల్లు కారడం, కూల్చేసిన వీధులు, పోయినవారి పేర్లు, తన అప్పులు, తన రోగాలు అన్నీ అందులో ఉండేవి. ఏడిపించే సంగతి చెబుతూనే నవ్వించేవారు. 1859 నుంచి రాంపూర్ నవాబు నెలకు 100 రూపాయలు పంపారు, 1860లో పింఛను కూడా తిరిగి వచ్చింది. చేతులు వణికినా, చెవులు వినబడకపోయినా ఉత్తరం మాత్రం ఆగలేదు.

1858లోనే మిత్రులు ఈ ఉత్తరాలను అచ్చు వేస్తామన్నారు. తన పేరుకు తగవని గాలిబ్ ఒప్పుకోలేదు. తన గొప్పతనమంతా ఫార్సీలో ఉందని నమ్మిన మనిషికి, చేతిలో ఉన్న అసలు నిధి అప్పటికి కనబడలేదు. తర్వాత మనసు మార్చుకున్నారు. మొదటి సంపుటం 'ఊదే హిందీ' 1868 అక్టోబరులో వచ్చింది. 1869 ఫిబ్రవరి 15న ఆయన కన్నుమూశారు. చనిపోయే ముందు రోజు కూడా, కాస్త స్పృహ రాగానే అలాయీ ఉత్తరానికి జవాబు చెప్పి వ్రాయించారు. రెండో సంపుటం 'ఉర్దూయె ముఅల్లా' మార్చిలో బయటికి వచ్చేసరికి ఆయన లేరు. ఈ రోజు ఉర్దూ వచనం గురించి మాట్లాడేవారెవరైనా ఈ రెండు పుస్తకాల దగ్గర ఆగవలసిందే.

బడిలో ఖత్ వ్రాయడం నేర్పేటప్పుడు పిల్లలకు నేను ఈ కథే చెబుతాను. వెళ్ళిపోయిన కవిత్వం గాలిబ్ దగ్గరికి గజల్ రూపంలో తిరిగి రాలేదు. ఆయన చిన్నదనుకున్న పనిలోనే, దూరమైన మనుషులను పలకరించాలన్న ఆరాటంలోనే వచ్చి చేరింది. మనలో కూడా ఒకప్పుడు వ్రాసినవారు, పాడినవారు, ఖుష్‌ఖతీ నేర్చినవారు ఉన్నారు. సంసారంలో పడి ఎప్పుడో వదిలేశారు. వారు పెద్ద పనికోసం ఎదురు చూడకుండా, దూరాన ఉన్న బిడ్డకో తమ్ముడికో తమ చేతితో ఒక పేజీ వ్రాయాలి. మన ఇళ్ళ పెట్టెల్లో తాతల ఉత్తరాలూ, గల్ఫ్ నుంచి వచ్చిన ఉత్తరాలూ ఉన్నాయి. వాటిని చెదలపాలు చేయకుండా పిల్లలతో చదివించాలి. ఆ లిపి చదవగల పిల్లలు ప్రతి ఇంట్లో ఉండేలా అల్లాహ్ మనకు తౌఫీఖ్ ప్రసాదించుగాక. ఆమీన్.