లిండ్లీ మర్రే

ఆంగ్ల వాక్యమును పదపదముగా విడదీసి, ఇది నామవాచకము, ఇది క్రియ, ఇది విశేషణమని చెప్పుటను మన పాఠశాలలలో పార్సింగు అందురు. ఈ పాఠమన్న విసుగుపడు విద్యార్థులు పెక్కుమంది గలరు. దీనిని లక్షలకొలది బాలబాలికలకు నేర్పిన పుస్తకమును వ్రాసిన లిండ్లీ మర్రే చరిత్రమును వారికొఱకే సంగ్రహముగా తెలుపుచున్నాము.

మర్రే 1745వ సంవత్సరమున అమెరికాలోని పెన్సిల్వేనియాలో క్వేకరు కుటుంబమున జన్మించెను. తండ్రి న్యూయార్కున పేరొందిన వర్తకుడు. కుమారుడును వర్తకుడే కావలెనని ఆయన కోరిక. బాలునికో చదువుపై మక్కువ మిక్కుటము. ఒకనాడు తండ్రి దండింపగా ఇల్లు విడిచి బర్లింగ్టనునకు పోయి, అచ్చటి పాఠశాలలో తనంత తానే చేరెను. పిదప తండ్రీకొడుకులు సమాధానపడిరి. మర్రే న్యాయశాస్త్రము నభ్యసించి న్యాయవాదియయ్యెను, వర్తకమునను ధనమార్జించెను.

ఇంతలో శరీరము నీరసించి నడక తగ్గెను. ఆరోగ్యము కుదుటపడునను ఆశతో 1784లో భార్యతో ఇంగ్లండునకు పోయి, యార్కు చెంతనున్న హోల్గేటున స్థిరపడెను. ఆరోగ్యము తిరిగి రాలేదు. యార్కులోని బాలికల పాఠశాల ఉపాధ్యాయినులు ఆయన యింటికి వచ్చి వ్యాకరణము నేర్చుకొనుచుండిరి. తమ విద్యార్థినులకు తగిన పుస్తకము వ్రాయుమని వారు వేడగా, మొదట సంకోచించినను తుదకు అంగీకరించి, 1795లో ఆంగ్ల వ్యాకరణమును ప్రకటించెను. తప్పు వాక్యములను దిద్దు అభ్యాసముల పుస్తకము 1797లో వెలువడెను.

ఆయన ఆంగ్లపదములను తొమ్మిది భాషాభాగములుగా విభజించెను. లౌత్ మొదలగు పూర్వవైయాకరణుల గ్రంథములనుండి గ్రహించితినని దాచక చెప్పుకొనెను. పదమును చూచినంతనే దాని జాతిని నిర్ణయింపరాదు. వాక్యములో అది చేయు పనిని చూడవలెను. 'ఆఫ్టర్' అను మాటనే చూడుడు. 'ఆఫ్టర్ డిన్నర్' అన్నప్పుడు ప్రిపోజిషను. 'ఆఫ్టర్ హీ కేమ్' అన్నప్పుడు ఒక ఉపవాక్యమును మఱియొక వాక్యముతో కలుపు కంజంక్షను. మాట ఒక్కటే, పని వేఱు. ఉపవాక్యములను విడదీసి పట్టికలు వ్రాయు పద్ధతి మర్రే తరువాత, 19వ శతాబ్దమున పాఠశాలలలో వ్యాపించెను.

ఆయన వ్యాకరణమున లోపములు లేకపోలేదు. లాటిను కొలతతో ఆంగ్లమును కొలిచెననియు, వాడుకలోనున్న మాటలను కొన్నిటిని తప్పులుగా నెంచెననియు తరువాతివారు విమర్శించిరి. ఆ విమర్శ న్యాయమే. అయినను పుస్తకముల వలన వచ్చిన ధనమును తాను వాడుకొనక ధర్మకార్యములకు వినియోగించిన ఆయన ఔదార్యమును మఱువరాదు.

జీవితమున కడపటి పదునాఱు సంవత్సరములు మర్రే ఇల్లు విడిచి వెలుపలికి రాలేదు. 1826లో హోల్గేటుననే మరణించెను. ఆయన పుస్తకములు మాత్రము అట్లాంటికు సముద్రమునకు ఇరువైపుల బడులలో చాలకాలము చదువబడెను.

విద్యార్థులారా! ఇకమీద పార్సింగు చేయునప్పుడు పట్టికను కంఠస్థము చేసి ఊరకుండక, ఈ మాట ఇచ్చట ఏమి పని చేయుచున్నదని ముందుగా ప్రశ్నించుకొనుడు. మీ విసుగు కొంత తగ్గునని మా నమ్మకము.