ఎందుకు అన్న ప్రశ్న

ప్రశ్నించడం మంచి గుణమే. అయితే మనిషి బ్రతకడానికి ప్రశ్న ఒక్కటే చాలునా? రచయిత త్రిపురనేని గోపీచంద్ జీవితాన్ని చూడండి.

ఆయన 1910 సెప్టెంబరు 8న కృష్ణా జిల్లా అంగలూరులో జన్మించారు. తండ్రి కవిరాజు త్రిపురనేని రామస్వామి చౌదరి. పురాణాలను హేతువు అనే గీటురాయి మీద పరీక్షించిన కవి. అటువంటి ఇంట పెరిగిన బిడ్డకు దేనినైనా ఎందుకని అడగడం ఉగ్గుపాలతోనే అబ్బింది. గోపీచంద్ న్యాయశాస్త్రం చదివారు. ఎం.ఎన్. రాయ్ భావాలు నచ్చి, రాడికల్ డెమోక్రటిక్ పార్టీలో పనిచేశారు.

అంతటి హేతువాది 1940లలో 'అసమర్థుని జీవయాత్ర' అనే నవల వ్రాశారు. అందులోని సీతారామారావు తెలివిలేనివాడు కాడు. ప్రతి మాటనూ, ప్రతి బంధాన్నీ తర్కించగలడు. కాని బ్రతుకుకు కావలసిన చిన్న పని చేయలేడు. తనవారితో కలిసి ఉండలేడు. చివరకు మతి చెడి నశిస్తాడు. తన మనసును తాను ఎరిగినంత మాత్రాన మనిషి బాగుపడడని ఆ కథ చెబుతుంది.

తరువాత గోపీచంద్ సినిమాలు తీశారు, ఆకాశవాణిలో పనిచేశారు. క్రమంగా అరవిందుల తత్త్వం వైపు మళ్లారు. అయినా ఆలోచించడం మానలేదు. హేతువుకు అందనిది కూడా జీవితంలో ఉన్నదని గ్రహించారు. 1962 నవంబరు 2న, 52 ఏళ్లకే కన్నుమూశారు. 'పండిత పరమేశ్వరశాస్త్రి వీలునామా' నవలకు 1963లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి వచ్చింది.

ఈ జీవితం ఉద్దానంలోని మనకు దూరమైనది కాదు. 2018 అక్టోబరులో తిత్లీ తుపానుకు కొబ్బరి, జీడి తోటలు నేలకూలాయి. గాలి ఎందుకు వీచిందో శాస్త్రం చెప్పగలదు. ఆ వివరణ తోట పోయిన రైతు కన్నీరు తుడవగలదా? ఇక్కడి మూత్రపిండాల వ్యాధికి కారణం ఇదేనని పరిశోధకులు ఇంకా తేల్చలేదు. వారు ప్రశ్నిస్తూనే ఉండాలి. అది వారి ధర్మం. కాని పలాసలోనో టెక్కలిలోనో డయాలసిస్ మంచం మీద ఉన్న మనిషి నాకే ఎందుకని అడిగినప్పుడు, అతడు మన నుండి కోరేది జవాబు కాదు, తోడు.

కనుక ప్రియులారా, వైద్యుని మాట వినండి, నీటిని పరీక్ష చేయించండి, మూఢనమ్మకాలను విడువండి. ఆపైన పొరుగింటి రోగి వద్దకు వెళ్లి కాసేపు కూర్చోండి. ఏమి చెప్పాలో తోచకపోయినా ఫరవాలేదు.