స్టేషను పేరు మార్పించిన మనిషి

లండన్ నగరంలో భూగర్భ రైలెక్కి ఉత్తరంగా పోతే ఆర్సెనల్ అనే స్టేషను వస్తుంది. 1906లో తెరిచిననాడు దాని పేరు గిలెస్పీ రోడ్. ఒక ఫుట్‌బాల్ టీము పేరును రైల్వేస్టేషనుకు పెట్టించిన ఘనుడు హెర్బర్ట్ చాప్‌మన్. మన గ్రౌండులో ఇంటర్ కాలేజియేట్ మ్యాచికి పట్టుమని ఇరవైమందిని పోగుచేయలేక చేతులెత్తేసే స్పోర్ట్స్ సెక్రటరీలకు ఈయన కథ పనికొస్తుందనే ఇక్కడ రాస్తున్నాను.

చాప్‌మన్ 1878లో యార్క్‌షైర్‌లోని కివెటన్ పార్క్ అనే బొగ్గుగనుల ఊళ్లో, గని కార్మికుడి ఇంట జన్మించాడు. ఆటగాడుగా అంతంతమాత్రం. మేనేజరుగా పేరొస్తున్న రోజుల్లోనే పెద్ద దెబ్బ తగిలింది. ఆయన నడిపిన లీడ్స్ సిటీ క్లబ్బు యుద్ధకాలంలో ఆటగాళ్లకు చాటుగా డబ్బిచ్చిందన్న ఆరోపణపై 1919లో క్లబ్బునే రద్దుచేసి, ఆయన్ను జీవితాంతం ఆటకు దూరం చేశారు. ఆ రోజుల్లో తాను మందుగుండు ఫ్యాక్టరీలో పనిచేస్తున్నానని అప్పీలు చేసుకుంటే నిషేధం తొలగింది. ఆ తర్వాత హడర్స్‌ఫీల్డ్ టీముకు 1922లో కప్పు, 1924, 1925లలో వరుసగా లీగ్ సాధించిపెట్టాడు.

అంత గెలిచే టీమును వదిలి, 1925లో ఆర్సెనల్‌కు వచ్చాడు. అప్పటికి అది కిందటి డివిజన్‌లోకి జారిపోకుండా అంచున నిలబడ్డ టీము. 1886లో ఊలిచ్‌లో ఆయుధాగారం పనివాళ్లు పెట్టుకున్నది. అక్కడ జనం చాలక 1913లో థేమ్స్ నది దాటి హైబరీకి చేరింది. చిన్న మిల్లు ఊళ్లో శనివారం మధ్యాహ్నం పని అయిపోతే మనిషికి ఆట తప్ప వేరే దిక్కులేదు. లండన్‌లో అలా కాదే! నాటకాలు, సినిమాలు, డాన్సు హాళ్లు, 1927 నుంచి కుక్కల పరుగు పందాలు కూడా. పోనీ ఫుట్‌బాలే చూద్దామన్నా చెల్సీ ఉంది, టాటెన్‌హామ్ ఉంది. మనవాణ్ణి మన గేటుదాకా రప్పించడం ఎలా?

చాప్‌మన్ దీన్ని తన పనిగానే తీసుకున్నాడు. మేనేజరంటే గుమాస్తా అనుకునే కాలమది. మెట్ల మీద కూర్చున్నవాడికి ఆటగాడెవరో తెలియాలని 1928లో చొక్కాలకు నంబర్లు వేయించాడు. 1933లో ఎర్రచొక్కాకు తెల్లచేతులు కుట్టించాడు. ఆట ఇంకా ఎంతసేపుందో చూపే నలభై అయిదు నిమిషాల గడియారం పెట్టిస్తే, ఫుట్‌బాల్ పెద్దలు మామూలు గడియారంగా మార్పించారు. రాత్రిపూట ఆడించడానికి దీపాలు కట్టించాడు, దానికీ అధికారిక మ్యాచిల్లో అనుమతి రాలేదు. చూసేవాడి కళ్లతో ఆటను చూడ్డమంటే ఇదే అని నాకనిపిస్తుంది. కాని సౌకర్యాలకే జనం రారు గదా. చార్లీ బకన్, డేవిడ్ జాక్, అలెక్స్ జేమ్స్ వంటి ఆటగాళ్లను కొన్నాడు. 1928లో ఒక్క జాక్‌కే 10,890 పౌన్లు! డబ్బు కుమ్మరించి గెలుస్తున్నారని ఆడిపోసుకున్నవారికి కొదవలేదు. అందులో కొంత నిజమూ ఉంది.

అయినా ఫలం వెంటనే దక్కలేదు. 1927లో కప్పు ఫైనల్ దాకా వచ్చి కార్డిఫ్ చేతిలో ఓడారు. 1930లో తన పాత టీము హడర్స్‌ఫీల్డ్‌నే 2-0తో ఓడించి తొలి కప్పు తెచ్చాడు. 1931లో, 1933లో లీగ్. మధ్యలో 1933 జనవరిలో మూడో డివిజన్ వాల్సాల్ చేతిలో 2-0తో పరాభవం. దేశమంతా నవ్వుకుంది. పెద్దటీము ఓడిపోతే చూద్దామని వచ్చేవాడు కూడా టిక్కెట్టు కొనే వస్తాడు మరి.

ఇక స్టేషను సంగతి. పేరు మారిస్తే టిక్కెట్లు, మ్యాపులు, బోర్డులు అన్నీ మార్చాలని రైలు సంస్థ వెనకాడింది. ఆయన వదిలిపెట్టలేదు. 1932 అక్టోబరు 31న పేరు మారింది. అప్పటినుంచి, ఫుట్‌బాల్ అంటే ఏమిటో తెలియని గుమాస్తా కూడా ఆఫీసుకు పోతూ రోజూ ఆ పేరు చదివాడు. పైసా ఖర్చులేని ప్రచారం!

1934 కొత్త సంవత్సరం రోజుల్లో జలుబు చేసినా లెక్కచేయక, రాబోయే ప్రత్యర్థుల ఆట చూసొచ్చి, తన మూడో టీము కుర్రాళ్ల మ్యాచికీ వెళ్లాడు. జలుబు న్యుమోనియా అయింది. జనవరి 6న కన్నుమూశాడు, అప్పటికి 55 ఏళ్లు. ఆరోజు శనివారం. హైబరీలో షెఫీల్డ్ వెన్స్‌డేతో మ్యాచి ఉంది. జనం యథాప్రకారం వచ్చారు. 1-1తో డ్రా అయింది.

2006లో క్లబ్బు హైబరీ వదిలి కొత్త స్టేడియానికి తరలిపోయింది. స్టేషను పేరు మాత్రం అదే.