సర్ రొనాల్డ్ రాస్ — సికిందరాబాదు దోమ

నందికొండ కడ కృష్ణానదికి కట్టిన నాగార్జునసాగరపు ఆనకట్టకు 1955 డిసెంబరు 10వ తేదీన శంకుస్థాపన జరిగినది. 1967 ఆగస్టు 4వ తేదీన కాలువలకు నీరు విడిచిరి. నల్లగొండ మెట్టచేలు పెక్కు మాగాణములైనవి. అయితే కాలువ పారిన చోట ఊటయు, ఊట నిలిచిన చోట దోమయు, దోమ మూగిన చోట చలిజ్వరమును వెంటనంటి వచ్చుట దేశానుభవము. దోమకును ఈ జ్వరమునకును గల సంబంధము మొదట బయటపడినది ఏ ఐరోపా నగరమునందో కాదు. నందికొండకు సుమారు నూరు మైళ్ల దూరమున, సికిందరాబాదు దండును చేరియున్న బేగంపేటలో. దానిని బయలుపరచినవాడు సర్ రొనాల్డ్ రాస్. ఆయన పేరు మనవారికి క్రొత్త కాదు. దోమ కరచిన జ్వరము వచ్చునని కనుగొనెనని చెప్పి ఊరకుందుము. అది సగము మాట.

రాస్ 1857 మే 13వ తేదీన హిమాలయ ప్రాంతమున అల్మోడాలో జన్మించెను. మీరటులో సిపాయిలు తిరుగబడి అప్పటికి మూడు దినములు. తండ్రి ఇంగ్లీషు సైన్యమున అధికారి. కుమారునికి కవిత్వము, సంగీతము, చిత్రలేఖనము నందు మక్కువ. తండ్రి కోరినది వైద్యవిద్య. తండ్రి మాటయే చెల్లెను. లండనులో చదువు ముగించి 1881లో రాస్ ఇండియా వైద్యశాఖలో చేరెను. మదరాసు, బర్మా, అండమాను దీవులు త్రిప్పి త్రిప్పి ప్రభుత్వమువారు ఆయనచే చేయించినది సామాన్యమైన దండు వైద్యమే. తీరిక వేళల పద్యములు, నవలలు వ్రాసెను, గణితము నేర్చెను. 1883లో బెంగుళూరున తన బంగళా చెంతనున్న నీటితొట్టిలో దోమపిల్లలు కదలుట చూచి తొట్టిని బోర్లించగా దోమల బాధ తగ్గెను. తక్కిన తొట్లకును అట్లే చేయుదమనగా పైయధికారి ప్రకృతి క్రమమునకు భంగమని అంగీకరింపలేదట! దోమకు ప్రకృతిలో ఏమి పని గలదో ఆ యధికారికి తెలియదు. నాటికి రాసుకును తెలియదు.

ఫ్రెంచి వైద్యుడు లావెరాన్ 1880లో అల్జీరియాలో రోగి రక్తమునందు మలేరియా క్రిమిని చూచెను. ఆ క్రిమి రక్తకణమున జొరబడి దానిని భక్షించి నల్లని రేణువులను మిగుల్చును. కాని అది ఒకరినుండి యొకరికి చేరు త్రోవ యేది? 1894లో లండనులో రాసును కలిసికొన్న మాన్సన్ అను వైద్యుడు దోమను అనుమానించెను. ఆయన ఊహ యిది: దోమ రోగి రక్తము పీల్చి, నీటిలో గ్రుడ్లుపెట్టి చచ్చును, ఆ నీరు త్రాగినవారికి జ్వరము సోకును. 1895లో రాస్ ఈ ఊహను మూటగట్టుకొని సికిందరాబాదు చేరెను. డబ్బిచ్చి కుదుర్చుకొన్న మనుష్యులచే దోమలు చచ్చిన నీటిని త్రాగించెను. ఊహ నిలువలేదు. పాలితులైన పేదల దేహములపై పాలకజాతి వైద్యుడు చేసిన యీ పరీక్షను తేలికగా దాటరాదు. నేడు ఏ వైద్యుడును అట్లు చేయజాలడు.

పిదప రెండేండ్లపాటు ఆయన దోమలను చీల్చి చూచుచునే యుండెను. బూడిదవన్నె దోమలు, చారల దోమలు వందలకొలది సూక్ష్మదర్శిని క్రిందికి వచ్చినవి. ఒక్కదానియందైనను క్రిమి పెరుగుట కానరాదు. పంకా వేసిన దోమలు చెదరునని ఆ యెండలలో పంకా మాన్పించెను. చెమట కారి సూక్ష్మదర్శిని మరలు త్రుప్పు పట్టినవి. లోపము శ్రద్ధలో లేదు, పనితనమునను లేదు. ఈ దోమలు ఈ క్రిమికి ఆతిథ్యమీయవు. అంతే.

అన్ని దోమలు ఒకటి కావు. చూపునకు దోమ యనిపించునవి వేర్వేరు జాతులు. వాని నీరు వేరు, నిలుచు భంగిమ వేరు, వాని రక్తాహారము వేరు, వానియందు బ్రదుకగల క్రిములు వేరు. రాస్ కంటబడిన మచ్చరెక్కల దోమ దేహమును వంపుగా నెత్తి వ్రాలును. దాని గ్రుడ్లు పడవల వలె నుండును. మనము నేడు అనాఫిలిస్ అనునది ఈ తెగయే. బావులందును తొట్లయందును పెరుగు స్టెఫెన్సి జాతియే ఆనాడు రాస్ చేజిక్కినదని తరువాతివారు భావించిరి.

1897 ఆగస్టులో ఇట్టి దోమలను పిల్లపురుగుల నుండి పెంచి, హుసేనుఖాను అను మలేరియా రోగిని కరపించిరి. కరచిన దోమ యొక్కింటికి ఆయనకు ఒక అణా. ఆగస్టు 20వ తేదీన మిగిలిన దోమలలో నొకదానిని చీల్చగా కడుపు గోడయందు క్రొత్త కణములు కనబడెను. వానిలో నల్లని రేణువులు! అవి మలేరియా క్రిమి చేవ్రాలు. మరునాడు ఇంకొక దోమలో ఆ కణములే మరికొంత పెద్దవై యున్నవి. దోమ బ్రదికిన కొలది క్రిమియు పెరుగుచున్నదన్నమాట.

ఇంతలో సర్కారు ఏమి చేసెను? సెప్టెంబరులో ఆయనను రాజపుత్రస్థానమున ఖేర్వారాకు బదిలీ చేసెను. అచట పరీక్షించుటకు మలేరియా రోగులే కరవు. మాన్సన్ పట్టుదలవలన 1898 ఫిబ్రవరిలో కలకత్తా చేరునంతవరకు నెలలు వ్యర్థమైనవి. ఇట్టి ప్రభుత్వము తరువాత ఆ కీర్తిలో పాలుకోరుట విడ్డూరము.

కలకత్తాలో రాస్ పక్షుల మలేరియాను చేపట్టెను. కిశోరీమోహన బందోపాధ్యాయుడు, మహమ్మదు బక్షు ఆయనకు తోడు. ఇచట ముడి విడిపోయినది. సికిందరాబాదులో దేనికిని కొరగాదని త్రోసివేసిన బూడిదవన్నె దోమయే పిచ్చుకల క్రిమికి నిలయమైనది! 1898 జూలైలో క్రిమి దోమ కడుపునుండి బయలుదేరి ఉమ్మిగ్రంథిని చేరుటయు, ఆ దోమ కరచిన పిచ్చుకలు రోగగ్రస్తములగుటయు రాస్ చూచెను. మాన్సన్ అనుకొన్నట్లు దోమ వట్టి మోతకూలి కాదు. క్రిమికి స్త్రీ పురుష సంయోగము జరుగునది దోమ కడుపునందే. మనుష్యుడు దానికి దారిలోని సత్రము.

ఆ యేడే ఇటలీలో గ్రాస్సియు, సహచరులును మనుష్యుని మలేరియాకు అనాఫిలిస్ దోమయే వాహకమని స్థిరపరచిరి. నోబెల్ బహుమానము 1902లో రాసుకు మాత్రమే దక్కెను. గ్రాస్సిపై ఆయన జీవితాంతము కలహించెను. రెండుపక్షముల కీర్తికిని చోటుండగా ఇంత కలహమేల? ఈ విషయమున రాసును సమర్థింపజాలము.

1899లో ఇండియా విడిచి లివర్‌పూల్ చేరిన పిదప ఆయన చేసిన పని మనకు మరింత దగ్గర. 1910లో ప్రకటించిన గ్రంథమున గణితముచే ఒక సంగతి నిరూపించెను: దేశమున దోమలన్నిటిని చంపనక్కరలేదు, మనుష్యులకును దోమలకును గల నిష్పత్తి ఒక హద్దునకు దిగువకు వచ్చెనేని మలేరియా తనంత తానే అణగిపోవును. నాడు దీనిని పట్టించుకొన్నవారు కొద్దిమంది.

నల్లగొండ కాలువలకు ఈ లెక్క పనికివచ్చును. మన పల్లెల మలేరియాకు ముఖ్యకారణమగు క్యూలిసిఫేసిస్ దోమ కాలువ ఊటలలో, నాట్లువేసిన క్రొత్తలో మడినీళ్లలో పెరుగును; పైరు ఎదిగి నీడ కమ్మినపుడు తగ్గును. మనుష్యునికంటె పశువుల రక్తమే దానికి ప్రియము. అందుచే కొట్టముండు తావు, ఊట గుంటలు పూడ్చుట, ఆరుతడి పెట్టుట యివన్నియు వైద్యమే. మందుచల్లి గెలిచితిమనుకొన్న తప్పు మనదేశము ఒకమారు చేసినది. స్వాతంత్ర్యము వచ్చిన నాటికి ఏటికి ఏడున్నర కోట్ల మందికి సోకుచుండిన మలేరియా 1965 నాటికి లక్షకు దిగెను. డీడీటీకి దోమ అలవాటుపడెను, అధికారులు ఏమరిరి. 1976లో 64 లక్షలకు పైగా మరల తలయెత్తెను.

రాస్ 1932 సెప్టెంబరు 16వ తేదీన లండనులో మరణించెను. హైదరాబాదు నల్లకుంటలో జనులు కోరంటి దవాఖానా అని పిలుచు జ్వరవైద్యశాలకు ఆయన పేరు పెట్టిరి. బేగంపేటలో ఆయన పనిచేసిన భవనము నిలిచియున్నది. హుసేనుఖానుకు ముట్టినది పది దోమలకు పది అణాలు.