వంగర నుండి నవోదయము దాక

పాములపర్తి వేంకట నరసింహారావుగారు 1921వ సంవత్సరము జూన్ 28వ తేదీన వరంగల్లు ప్రాంతమున లక్నేపల్లిలో జన్మించిరి. దత్తత వలన నాటి కరీంనగరము జిల్లాలోని వంగర వారి స్వగ్రామమయ్యెను. చదువుకొఱకు చిన్ననాడే ఇల్లు విడువవలసి వచ్చెను. కొంతకాలము కట్కూరులో బంధువుల యింటను, పిదప హనుమకొండలోను చదివిరి. 1938లో నిజాము ప్రభుత్వపు నిషేధమును లెక్కింపక తోటి విద్యార్థులతో కూడి వందేమాతరము పాడినందున కళాశాలనుండి తొలగింపబడిరి. అట్టి విద్యార్థులకు నాగపూరు విశ్వవిద్యాలయము ఆశ్రయమిచ్చెను. పుణెలో విజ్ఞానశాస్త్రమును, నాగపూరులో న్యాయశాస్త్రమును చదివి వారు తెలంగాణమునకు మరలివచ్చిరి.

పల్లెటూరి పిల్లవానికి తెలివి యుండియు తగిన బడి దొరకకపోవుట వారు స్వయముగా ఎఱిగిన కష్టము. 1957లో మంథనినుండి శాసనసభకు ఎన్నికైరి. తరువాత రాష్ట్ర విద్యామంత్రిగా పనిచేసిరి. వారు ముఖ్యమంత్రియైన 1971లోనే నల్లగొండ జిల్లా సర్వేలులో గురుకుల పాఠశాల వెలసెను. 1985లో కేంద్రమున మానవవనరుల అభివృద్ధి శాఖను చేపట్టిరి. మరుసటి యేట జాతీయ విద్యావిధానము వెలువడెను. నవోదయ విద్యాలయముల పథకము ఆ కాలమునాటిదే.

ఆ బడులలో ఆఱవ తరగతిలో చేరుటకు ప్రవేశపరీక్ష కలదు. దాని ఏర్పాటు గమనింపదగినది. ఆదిలాబాదు అడవిపల్లెలోని బాలిక హైదరాబాదు బాలునితో పోటీపడ నక్కఱలేదు. తన జిల్లా పిల్లలతోనే పోటీ. నూటికి 75 స్థానములకు తక్కువ గాకుండ గ్రామీణులకే చెందును. ప్రశ్నలను తెలుగులోనే చదువుకొని వ్రాయవచ్చును. కొన్ని ప్రశ్నలలో అక్షరమే కనబడదు. బొమ్మలను పోల్చి చూచి జవాబు గుర్తింపవలెను.

అయినను ఒక చిక్కు మిగిలెను. అది వయస్సు. ఐదవ తరగతి బాలిక లిద్దఱు ఈ పరీక్ష వ్రాసిరనుకొనుడు. ఒకతెకు పదేండ్లు, మఱియొకతెకు పండ్రెండు. ఇద్దఱికిని 70 మార్కులే వచ్చినవి. వారిని సమానులని తలంపవచ్చునా? పెద్దదానికి రెండేండ్ల మాటలు, లెక్కలు, లోకజ్ఞానము అదనముగా నున్నవి. ఇంగ్లండులో కొన్ని ప్రవేశపరీక్షలందు ప్రతి బిడ్డను తన యీడువారితోనే పోల్చుదురు. ఆ యీడువారి సగటును 100గా పెట్టి మార్కులను సవరింతురు. కావున సరిసమానముగా వ్రాసిన యిద్దఱిలో చిన్నవారికి కొంచెము హెచ్చు వచ్చును. నవోదయ పరీక్షలో వయస్సునకు హద్దులు మాత్రమే కలవు. ఆ హద్దుల లోపల నెలలనుబట్టి మార్కులను సవరించు పద్ధతి లేదు.

ఇది లోపమని చెప్పక తప్పదు. కాని బడిలో చేర్చిననాడు పంతులుగారు ఊహించి వ్రాసిన తేదీయే పుట్టినతేదీగా చెల్లిన పల్లెలు నాడు ఎన్నియో యుండెను. అట్టిచోట నెలల లెక్క ఎంతవఱకు నిలుచును? పట్టణమునకును పల్లెకును గల యంతరము అంతకంటె పెద్దది; నరసింహారావుగారి కాలమున ముందుగా దానినే సవరింపబూనిరి.

1991 మొదలు 1996 వఱకు వారు భారత ప్రధానమంత్రిగా నుండిరి. 2004 డిసెంబరు 23వ తేదీన ఢిల్లీలో కన్నుమూసిరి. 2024లో వారికి భారతరత్న బిరుదము లభించెను. కరీంనగరము జిల్లాకు చొప్పదండిలోను, ఆదిలాబాదు జిల్లాకు కాగజ్‌నగరులోను నవోదయములు ఏర్పడినవి. చుట్టుపట్ల పల్లెల పిల్లలు నేటికిని ఐదవ తరగతిలో ఆ పరీక్షకు కూర్చుండుచున్నారు.