యల్లాప్రగడ సుబ్బారావు

యల్లాప్రగడ సుబ్బారావు (జనవరి 12, 1895 - ఆగష్టు, 1948) ప్రముఖ జీవరసాయన శాస్త్రవేత్త. ఫోలిక్ ఆమ్లం సంశ్లేషణ, బోదకాలుకు వాడే హెట్రజాన్, రక్త క్యాన్సర్ చికిత్సకు దారి చూపిన అమినోప్టెరిన్, టెట్రాసైక్లిన్ వర్గంలో మొట్టమొదటి యాంటీబయాటిక్ అయిన ఆరియోమైసిన్ - ఇవన్నీ ఆయన దర్శకత్వంలో జరిగిన పరిశోధనల ఫలితాలు. ఇన్ని మందుల వెనుక ఒక తెలుగువాడు ఉన్నాడన్న సంగతి ఆయన జీవించి ఉన్న కాలంలో మన దేశంలో చాలా కొద్దిమందికే తెలుసు.

బాల్యము, విద్యాభ్యాసము

సుబ్బారావు పశ్చిమ గోదావరి జిల్లా భీమవరంలో జగన్నాథం, వెంకమ్మ దంపతులకు జన్మించాడు. తండ్రి రెవెన్యూ శాఖలో చిన్న ఉద్యోగి. అనారోగ్యం వల్ల ముందుగానే ఉద్యోగం మానుకోవలసి రావడంతో కుటుంబం ఇబ్బందుల పాలయింది. చదువు మీద పెద్దగా శ్రద్ధ లేని సుబ్బారావు పదమూడేళ్ళ ప్రాయంలో యాత్రికులకు అరటిపళ్ళు అమ్మి డబ్బు సంపాదించాలని కాశీకి బయలుదేరాడు. తల్లి వెనక్కు రప్పించి మళ్ళీ బడిలో వేసింది. మెట్రిక్యులేషన్ మూడవ ప్రయత్నంలో మద్రాసు హిందూ హైస్కూలు నుండి గట్టెక్కాడు. పరీక్ష తప్పిన విద్యార్థులకు ఈ విషయం కొంత ధైర్యాన్ని ఇవ్వవచ్చు.

మద్రాసు వైద్య కళాశాలలో చదువుతున్నప్పుడు గాంధీజీ పిలుపుకు స్పందించి శస్త్రచికిత్స గదిలోకి ఖద్దరు దుస్తులతో వెళ్ళేవాడు. ఇది ఆంగ్లేయుడైన ఆచార్యునికి నచ్చలేదు. ఫలితంగా ఎం.బి.బి.ఎస్. బదులు తక్కువ స్థాయిదైన ఎల్.ఎం.ఎస్. పట్టా మాత్రమే దక్కింది. ఆ తరువాత మద్రాసు ఆయుర్వేద కళాశాలలో శరీరనిర్మాణ శాస్త్రం బోధించాడు.

ఆయన జీవితాన్ని మలుపు తిప్పినది స్ప్రూ వ్యాధి. తిన్న ఆహారం ఒంటబట్టక, విరేచనాలతో, రక్తహీనతతో మనిషిని క్షీణింపజేసే ఈ జబ్బుకు ఆనాడు మందు లేదు. ఎనిమిది రోజుల వ్యవధిలో ఇద్దరు సోదరులు పురుషోత్తం, కృష్ణమూర్తి దీనికి బలయ్యారు.

అమెరికాలో

మామగారైన కస్తూరి సూర్యనారాయణమూర్తి, కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థల తోడ్పాటుతో సుబ్బారావు 1922 అక్టోబరులో బోస్టన్ చేరాడు. అక్కడ హార్వర్డులో ఉష్ణమండల వైద్యం చదువుతూ, రాత్రిపూట ఒక ఆసుపత్రిలో పనివాడుగా పొట్టపోసుకున్నాడు. సైరస్ ఫిస్క్ తో కలసి రక్తంలోనూ మూత్రంలోనూ భాస్వరాన్ని కొలిచే పద్ధతిని 1925లో ప్రకటించాడు. ఫిస్క్-సుబ్బారావు పద్ధతిగా పేరొందిన దీనిని తరతరాల జీవరసాయన విద్యార్థులు నేర్చుకున్నారు. 1927లో కండరాలకు శక్తినిచ్చే ఫాస్ఫోక్రియాటిన్ ను, ఆ తరువాత ఎ.టి.పి.ని వేరుచేశారు. ఎ.టి.పి.ని కనుగొన్నది సుబ్బారావు ఒక్కడేనని వ్రాయడం సరికాదు. జర్మనీలో కార్ల్ లోమన్ 1929లోనే స్వతంత్రంగా దానిని ప్రకటించాడు. 1930లో పి.హెచ్.డి. వచ్చినా హార్వర్డు ఆయనకు శాశ్వత పదవి ఇవ్వలేదు. 1940లో న్యూయార్క్ రాష్ట్రంలోని పెర్ల్ రివర్ లో ఉన్న లెడర్లీ ప్రయోగశాలలలో చేరి, అనతికాలంలోనే పరిశోధన విభాగానికి అధిపతి అయ్యాడు.

1945లో ఆయన బృందం ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసింది. కొద్దికాలానికే అది స్ప్రూ రోగులకు పనిచేస్తుందని వైద్యులు నిరూపించారు. సోదరులను పొట్టన పెట్టుకున్న జబ్బుకు మందు తమ్ముడి ప్రయోగశాలలోనే తయారయింది, కాని పాతికేళ్ళు ఆలస్యంగా.

ఆరియోమైసిన్

ఆ రోజులలో రక్తంలోకి సూక్ష్మజీవులు ప్రవేశించిన రోగికి ఏ మందు ఇవ్వాలన్నది ప్రాణాంతకమైన ప్రశ్న. పెన్సిలిన్ కొన్నిటి మీదనే పనిచేసేది. స్ట్రెప్టోమైసిన్ మరికొన్నిటి మీద. రక్తాన్ని ప్రయోగశాలలో పెంచి సూక్ష్మజీవిని గుర్తించేలోగా రోజులు గడచిపోయేవి, ఒక్కొక్కప్పుడు రోగి కూడా దక్కేవాడు కాదు. రెండు రకాల మీదా పనిచేసే మందు కోసం సుబ్బారావు విభాగం వేలాది మట్టి నమూనాలను పరీక్షకు పెట్టింది. డెబ్బై ఏళ్ళు దాటి విశ్వవిద్యాలయం నుండి విశ్రాంతి పొందిన వృక్షశాస్త్రజ్ఞుడు బెంజమిన్ డగ్గర్ కు ఈ పని అప్పగించారు. 1945లో మిస్సోరీ విశ్వవిద్యాలయపు పొలం నుండి వచ్చిన మట్టిలో బంగారు ఛాయ గల ఒక జీవి ఆయనకు దొరికింది. దాని నుండి తీసిన మందే ఆరియోమైసిన్. కనుక దీనిని కనుగొన్న ఖ్యాతి డగ్గర్ దే. పరిశోధనను తలపెట్టి, మనుషులను సమకూర్చి, ఫలితం వచ్చేదాకా నడిపించిన ఘనత సుబ్బారావుది. 1948 జూలైలో న్యూయార్క్ లో దీనిని శాస్త్రలోకానికి ప్రకటించారు. టైఫస్ జ్వరం మీద కూడా ఇది పనిచేసింది.

అయితే సూక్ష్మజీవులూ ఊరుకోలేదు. 1950లలోనే జపానులో రక్త విరేచనాలు కలిగించే షిగెల్లా టెట్రాసైక్లిన్ లకు లొంగకుండా పోయింది. అందువల్ల రోగిలోని సూక్ష్మజీవి ఏ మందుకు లొంగుతుందో ముందుగా చూడడం తప్పనిసరి అయింది. సూక్ష్మజీవులను పరచిన పళ్ళెంలో మందు అద్దిన కాగితపు బిళ్ళలు ఉంచి, వాటి చుట్టూ ఏర్పడే ఖాళీ వలయాన్ని కొలిచే పద్ధతిని 1966లో కిర్బీ, బాయర్ ప్రభృతులు క్రమబద్ధం చేశారు. రక్తం పెరగడానికి ఒక రోజు, బిళ్ళల పరీక్షకు మరొక రోజు పట్టడం దీనిలోని చిక్కు. 2018లో ఐరోపా నిపుణుల సంఘం రక్తపు సీసా నుండి నేరుగా బిళ్ళల పరీక్ష చేసి 4, 6, 8 గంటలలో ఫలితం చదివే విధానాన్ని వెలువరించింది. ఈ పరీక్షలలో టెట్రాసైక్లిన్ బిళ్ళను చూచే విద్యార్థులు దాని మూలపురుషులలో సుబ్బారావు ఒకడని గుర్తించవచ్చు.

ఇతర మందులు, మరణం

1947లో వచ్చిన హెట్రజాన్ గోదావరి జిల్లాలను పీడించిన బోదకాలుకు వాడే మందు. దీనిని నేటికీ ప్రభుత్వాలు సామూహికంగా పంపిణీ చేస్తున్నాయి. ఫోలిక్ ఆమ్లానికి విరోధిగా తయారైన అమినోప్టెరిన్ తో సిడ్నీ ఫార్బర్ బోస్టన్ లో ల్యుకేమియా సోకిన పిల్లలకు తాత్కాలిక ఉపశమనం కలిగించి, 1948 జూన్ లో ఆ ఫలితాలను ప్రకటించాడు. నేటి మెథోట్రెక్సేట్ దీనికి దగ్గరి బంధువు.

ఆరియోమైసిన్ ప్రకటన జరిగిన కొద్ది వారాలకే, 1948 ఆగష్టులో, సుబ్బారావు నిద్రలో గుండెపోటుతో మరణించాడు. అప్పటికి వయసు 53. అమెరికా పౌరసత్వం తీసుకోలేదు. 1919లో వివాహమాడిన భార్య శేషగిరిని విడిచి వెళ్ళిన నాటి నుండి మళ్ళీ స్వదేశం చూడలేదు. తాను వెళ్ళిన తరువాత పుట్టిన కుమారుడు శైశవంలోనే పోయాడు, తండ్రి ఆ బిడ్డను చూడనేలేదు.

1953లో ఒక శిలీంధ్ర ప్రజాతికి సుబ్బారోమైసిస్ అని ఆయన పేరు పెట్టారు. ఆయన శతజయంతి సందర్భంగా 1995లో భారత తపాలా శాఖ స్మారక బిళ్ళ విడుదల చేసింది.